మళ్ళీ మొలిచిన కండ

పై వరస ముందుపళ్ళు రెండింటి మధ్య, చిగురు మీద, రేగుపండంత ఎర్రటి కండ. మూడు వారాల కిందట దాన్ని మొదలంటా కోసి, గీకి, కుట్టేసి, "ఇక దీని పీడ వదిలిందమ్మా" అన్న పళ్ళ డాక్టరు వెంకటకృష్ణారావుగారు, ఇవాళ అదే చోట దాన్ని మళ్ళీ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గవర్నర్‌పేటలో ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసు ఆయనది. తన చేత్తో తీసింది తిరిగి రావడం ఆయనకు తలకొట్టేసినట్టుంది.

నోట్లో దూది కుక్కించుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్న ఛాయాదేవికి, ఆయన ఏం అడగబోతున్నారో ముందే తెలుసు.

"కోసిన ముక్క మీద గుంటూరు నుంచి రిపోర్టు వచ్చిందమ్మా. కేన్సరు కాదు, భయం లేదు. కాకపోతే ఇలాంటిది ఎక్కువగా కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తుంది. పోయినసారీ అడిగాను, మళ్ళీ అడుగుతున్నా. నెల తప్పిందా?"

పోయినసారిలాగే జవాబు ఆమె మొగుడు చెప్పాడు. "అబ్బే, ఆ ప్రసక్తే లేదండీ. శ్రావణంలోనే నాకు ఆపరేషన్ అయిపోయిందిగా," అన్నాడు రామకోటేశ్వరరావు.

"మా పంచాయతీ సమితిలో మొదటి కేసు ఈయనదేనండీ!" అంటూ వంత పాడాడు, ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్న హనుమయ్య. రామకోటేశ్వరరావుకి పై ఆఫీసరాయన. ఉయ్యూరు నుంచి బెజవాడకి వాళ్ళను తన జీపులోనే ఎక్కించుకొచ్చాడు.

అది డెబ్భై ఆరో సంవత్సరం చివర. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు ఆపరేషన్లు చేయిస్తున్న రోజులు. సర్కారు నౌకరీ చేసేవాడు చేయించుకున్నట్టు కాగితం చూపించకపోతే నౌకరీకే ఎసరు. సమితి ఆఫీసు గుమాస్తా రామకోటేశ్వరరావు కూరగాయల కత్తిని చూసినా రెండడుగులు వెనక్కి వేసే ధీరుడు. అందుకని తన పేరు చెప్పమని ఇంటి పాలేరు ఏసుపాదాన్ని క్యాంపుకి పంపించాడు. ఏసుపాదం వెళ్ళాడు. పాలేరు కాదంటే కుదిరే లోకం ఎక్కడుంది గనక! ఈ సంగతి తమ ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదని ఛాయాదేవి నమ్మకం.

ఇప్పుడామెకు మూడో నెల. నిజం చెబితే మొగుడి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, ఆపరేషన్ అయిన మగవాడి పెళ్ళానికి ఆ కడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఊరు ఊరంతా లెక్కలు కడుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆమె పని. ఏం చేద్దామండీ అని అడిగినప్పుడల్లా "నాలుగు రోజులు ఓపిక పట్టు" అంటూ వచ్చాడాయన. ఓపిక పడితే ఆగేది కాదుగా కడుపు!

"అయితే నాకు అనుమానంగానే ఉంది," అన్నారు డాక్టరుగారు. "దీని మూలం పళ్ళ సందులో లోపలికి ఉండిపోయిందేమో. ఈ రెండు పళ్ళూ పీకి, ఎముక దాకా గీకాలి."

"పీకెయ్యండి," అన్నాడు రామకోటేశ్వరరావు తడుముకోకుండా. "కట్టుడు పళ్ళు పెట్టిద్దాం."

ఒంటి మీద ఒక్క గాటుకి భయపడి ఇంకొకణ్ణి ముందుకు తోసిన మనిషి, పెళ్ళాం పళ్ళు మాత్రం దానకర్ణుడిలా ధారపోశాడు. ఛాయాదేవికి ఒళ్ళు మండిపోయింది. లేవబోతే ఛాతీ మీద గుడ్డ, మాట్లాడబోతే నోటి నిండా దూది. డాక్టరుగారు సూదిలోకి మందు ఎక్కించుకుని మొహం మీదికి వంగారు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. రెండో చెయ్యి పైకెత్తి మూడు వేళ్ళు చూపించింది.

"మూడేమిటమ్మా? మూడో నెలా?"

తలూపింది.

ఆయన మొహం విప్పారింది. "నేను చెప్పలా! నా కోతలో తప్పు లేదు. ఇప్పుడు దాన్ని ముట్టుకోను, కోసినా మళ్ళీ వస్తుంది. పళ్ళకు పట్టిన గార తీసి శుభ్రం చేస్తాను. కాన్పయ్యాక చాలావరకు అదే తగ్గిపోతుంది, తగ్గకపోతే అప్పుడు తీద్దాం." దూది తీసేసి, చేతులు కడుక్కుని, పక్క గదిలో ఫోను మోగుతుంటే వెళ్ళారు.

గదిలో ముగ్గురు మిగిలారు. రామకోటేశ్వరరావు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు. ఆమె హనుమయ్య వైపు తిరిగింది.

"హనుమయ్యగారూ, నన్ను తప్పుగా అనుకోకండి. ఈయనకి ఆపరేషన్ కాలేదు," అంది.

పిడుగు పడుతుందనుకుంది. హనుమయ్య లేచి తలుపు దగ్గరికి వేశాడు. "తెలుసమ్మా. నెమ్మదిగా మాట్లాడండి. ఏసుపాదాన్ని ఈయన పేరు మీద రాయించింది నేనే. కోటా నిండాలి కదా."

ఇన్నాళ్ళుగా ఆమె కక్కలేక మింగలేక దాచుకున్నది ఈయన చెవిన పడకూడదనే.

"ఆపరేషన్ ఫెయిలైందని రాస్తే పైవాళ్ళొచ్చి పరీక్ష చేస్తారు. కోతే లేనివాడికి ఏం చూపిస్తాం?" అన్నాడు హనుమయ్య. "నాకు తెలిసిన లేడీ డాక్టరు ఉంది. గంటలో పని. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు. ఏమయ్యా?"

"నేనూ అదే అనుకున్నానండీ," అన్నాడు రామకోటేశ్వరరావు. ఇంత మర్యాదగా జీపు ఎందుకొచ్చిందో ఛాయాదేవికి అప్పుడు తెలిసింది.

"నేను రాను," అంది.

"మొండికెయ్యకు ఛాయా. బయట ఏమని చెప్పుకుంటావు? ఊరంతా నిన్నే అంటుంది."

"అప్పుడు మీరేమంటారు?"

ఆయన హనుమయ్య వంక చూశాడు. తనను ఎవరేమన్నా ఈ మనిషి ఇలాగే నిలబడి చూస్తాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఇంత ఒంటరిగా ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

కుర్చీ దిగి తలుపు తీసింది.

హాలు నిండా జనం. వాళ్ళ వీధి పద్మావతమ్మగారు వాచిన దవడ పట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ చెవిన పడిన మాట ఉయ్యూరు బస్సు కంటే ముందే ఊరు చేరుతుంది.

"ఏమే ఛాయా, పీకేశారా?"

"లేదు పిన్నిగారూ. నాకు మూడో నెల."

పద్మావతమ్మగారి చెయ్యి దవడ మీది నుంచి జారిపోయింది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఛాయాదేవి గోడ పట్టుకుంది.

"రేపు నలుగురూ అడిగేది నేనే చెబుతున్నా. మా ఆయనకి ఆపరేషన్ కాలేదు. ఆయన పేరు మీద మా పాలేరు ఏసుపాదాన్ని పంపించారు."

లోపలి గది గుమ్మంలో మగవాళ్ళిద్దరూ ఇవతలికి రాలేక నిలబడిపోయారు. పద్మావతమ్మగారు వాళ్ళవంక చూసింది. ఛాయాదేవి వంక చూసింది. పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చింది.

"కూర్చోవే. అవునుగానీ, ఆ ఏసుపాదానికి పిల్లలున్నారా?"

ఇన్ని నెలల్లో ఛాయాదేవి తన పరువు గురించి ఏడ్చింది, మొగుడి ఉద్యోగం గురించి ఏడ్చింది. ఈ ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"లేరు పిన్నిగారూ," అంది. "వాడికి పెళ్ళయి ఏడాదైనా కాలేదు."