ఉగ్గుగిన్నెను తన్నిన పిల్లికూన

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండిదాన్ని. గుప్పిట్లో ఇమిడిపోయే ఒళ్ళు, పసిబిడ్డ పెదవి నొచ్చుకోకుండా పాలు జారవిడిచే సన్నటి కొమ్ము, ఇదే నా ఆస్తి. నన్ను చేసిన రేపల్లె కంసాలి, బిడ్డ నోటికి తగిలే వస్తువని, ఆ కొమ్ము అంచును తన పెదవికి రాసుకుని చూసి మరీ నునుపు చేశాడు. అంత శ్రద్ధగా పుట్టినదాన్ని, కాస్త గర్వం ఉండదా మరి?

నాంచారమ్మగారి పుట్టింటి సారెతో పాటు, అదే ఊళ్ళో ఉన్న ఆవిడ అత్తవారింటికి వచ్చాను. ఆవిడ పిల్లలందరూ నా పాలతోనే పెరిగారు. తరవాత వీధిలో ఏ పసివాడు పాలు తాగకపోయినా ఆవిడకే కబురు వచ్చేది. ఆవిడ గోడకు ఆనుకుని, రెండు కాళ్ళూ బారచాపి, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, నన్ను వంచి ఉగ్గు పోసేది. ఒక్క బిడ్డకూ పొలమారేది కాదు. "నాంచారమ్మ చెయ్యి మంచిది" అనేవారు అందరూ. మరి గిన్నె మాటేమిటి? మనుషులు మెచ్చుకోలు పంచడంలో మహా పొదుపరులు. నా పాలు తాగిన ఒకాయన ఇప్పుడు తహసీల్దారు. జీపులో మా వీధిలోంచే వెళతాడు, తల తిప్పి చూడడు.

పాలసీసాలు వచ్చాక నన్ను బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టేశారు. ఒక వానాకాలం ఉదయం ఆ తలుపు తెరుచుకుంటే, ఎవరింట్లోనో బిడ్డ పుట్టిందని సంబరపడ్డాను. తీరా చూస్తే కోడలు స్వర్ణలత చేతుల్లో, పాత తువ్వాలులో, ఒక పిల్లికూన! కళ్ళు పుసులు కట్టి మూసుకుపోయాయి. తోక కింద అంతా విరేచనంతో తడిసిపోయింది. నోరు తెరుస్తోంది గానీ అరుపు రావడం లేదు.

"దీని తల్లిని లారీ తొక్కేసింది అత్తయ్యా. రోజూ మన వంటింటి గుమ్మంలోనే పడుకునేది," అంటూ స్వర్ణలత ఏడ్చేసింది. "ఎట్లాగైనా దీన్ని బతికించండి. మీ చేత్తో పోస్తే తాగుద్ది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తహసీల్దార్లను పెంచినదాన్ని, ఇప్పుడు పిల్లికి పాలు పొయ్యాలా?

నాంచారమ్మగారికి అలాంటి పట్టింపులేమీ లేవు. "ఊరుకో, ఏడవమాక. దాన్నిట్టా తే," అని గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. అలవాటు ప్రకారం కూనను వెల్లకిలా పడుకోబెట్టి, గేదెపాలు నాలో పోసి వంచింది. కూన ఒక్కసారి ఉక్కిరిబిక్కిరైంది. పాలు ముక్కులోంచి వచ్చాయి. కాళ్ళు బిగుసుకుని, ఆ తరవాత వేలాడిపోయాయి. ఆవిడ గబుక్కున దాన్ని బోర్లా తిప్పి, ముక్కు తుడిచి, వీపు నిమిరింది. కాసేపటికి డొక్క చిన్నగా కదిలింది.

ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు. కంగారులో నన్ను కింద పెట్టడం మరిచిపోయి, గుప్పిట్లో పట్టుకునే వచ్చింది ఆవిడ. డాక్టరమ్మ కూన చర్మం కిందికి సెలైను ఎక్కించి, ఏదో ఇంజెక్షను చేసి, పాలు ఎట్లా పట్టారని అడిగింది.

"పసిబిడ్డకి పట్టినట్టే, కాళ్ళ మీద ఎల్లకిలా ఏసుకుని."

"అదే పొరపాటు మామ్మగారూ. పిల్లికి అట్లా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటట్టు బోర్లా ఉంచాలి. ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు అసలేమీ పట్టొద్దు. ముందు వెచ్చబెట్టండి. గేదెపాలు మానేసి, ఈ గ్లూకోజు నీళ్ళు పట్టండి. కాస్త తేరుకున్నాక పిల్లికూనల పాలపొడి రాస్తాను."

"బతుకుద్దాండీ?" అంది స్వర్ణలత.

"సగం ఆశే అమ్మా. తనంతట తాను మింగడం మొదలుపెడితే, అప్పుడు ఇంకాస్త ధైర్యంగా చెబుతాను."

అని నన్ను తీసుకుని కడిగి, కాసిని నీళ్ళు పోసి, అరచేతిలో ఒక చుక్క వంచి చూసింది. "చుక్కలు వేసే ఫిల్లర్ ఇద్దామనుకున్నాను. ఇదీ బాగానే ఉంది, చుక్క చుక్కగా పడుతోంది." చదువుకున్న మనిషి మాట! నా వెండి ఒక్క క్షణం మెరిసే ఉంటుంది.

ఇంటికి వచ్చాక నాంచారమ్మగారు చేతులు కొంగులో దాచుకుంది. "నువ్వే పొయ్యి అమ్మాయ్. నా చేత్తో ఇంక వద్దు." ఇంతమంది పిల్లల ఆకలి తీర్చిన చెయ్యి అలా ముడుచుకుపోతే నాకు ఏడుపొచ్చింది.

"డాక్టరమ్మ తప్పుపట్టింది పడుకోబెట్టిన తీరుని, మీ చేతిని కాదు," అంది స్వర్ణలత, వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి కూన పక్కన పెడుతూ. "నాకు చుక్క లెక్క తెలవదు. మీరే పొయ్యాలి."

కూన ఒళ్ళు వెచ్చబడేదాకా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. అప్పుడు నాంచారమ్మగారు చాపిన కాళ్ళు మడిచి, బాసింపట్టు వేసుకుని, కూనను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఇన్నేళ్ళ అలవాటును ఆ వయసులో మార్చుకుంది మా నాంచారమ్మ! నా కొమ్మును దాని నోటి మూలకు ఆనించి ఒక్క చుక్క వదిలింది. అది బయటికి కారిపోయింది. తుడిచి ఇంకొకటి వదిలింది. అదీ అంతే. ఆవిడ విసుక్కోలేదు. ఎన్నో చుక్కల తరవాత కూన గొంతు చిన్నగా కదిలింది. ఆ కదలిక నా కొమ్ముకు తెలిసింది.

"మింగిందే! అమ్మాయ్, మింగింది!" అని ఆవిడ వీధికంతా వినపడేలా కేకేసింది.

ఆ తరవాత నాకు బీరువా సంగతే గుర్తు లేదు. మరిగే నీళ్ళలో స్నానం, కూన నోటి దగ్గర కొలువు, మళ్ళీ స్నానం. మధ్యలో ఒకరోజు విరేచనాలు తిరగబెట్టి, అందరం ఆశ వదులుకున్నాం. నాంచారమ్మగారు మాత్రం చుక్కలు ఆపలేదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో స్వర్ణలత దాని కళ్ళు తుడిచీ తుడిచీ తెరిపించింది. ఆ కళ్ళు మొదట చూసింది నన్నే. ఈ విషయంలో నాకు సందేహం లేదు, మీకూ ఉండకూడదు.

చివరికి ఒక ఉదయం పాలపొడి కలిపి నన్ను నోటికి ఆనించగానే, కూన తల విదిలించి, ముందుకాలితో ఒక్క తన్ను తన్నింది. నేను ఆవిడ చేతిలోంచి ఎగిరి నేల మీద పడ్డాను. అది ఒళ్ళోంచి దూకి, ఒలికిన పాల మీదికి వంగి, నాలుకతో తనంతట తానే గతకడం మొదలుపెట్టింది.

"ఒసే స్వర్ణా, ఇట్టా రావే! ఉగ్గుగిన్నెను తన్నేసిందే ఇది!" అని నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది నాంచారమ్మగారు.

నా పాలు తాగి గట్టిపడ్డ ప్రతి బిడ్డా ఏదో ఒకరోజు నన్ను ఇలాగే తన్నింది. బలం వచ్చిన బిడ్డ చేసే మొదటి పని అదే. పాలలో పడి దొర్లుతున్నాను గానీ, ఆ పూట రేపల్లెలో నా అంత గర్వంగా ఇంకెవరూ లేరు.