ఆయుధపూజనాడు మూసిన విండో

భానుశ్రీకి తన టెర్మినల్ అంటే మహా మురిపెం. కంప్యూటర్‌కి ఆజ్ఞలు రాసే నల్ల విండోలు ఊరికే దొరుకుతుంటే, పనిగట్టుకుని సొంతంగా ఒకటి తయారుచేసుకుంది. అందులో ఒక్కటే లోపం. విండో మూసేసినా, దాంట్లోంచి పుట్టిన పిల్ల ప్రోగ్రాములు చావకుండా లోపలెక్కడో నడుస్తూనే ఉండేవి. అదిలించే దిక్కులేని ఆ అనాథల్ని చూస్తే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. దసరా ముందురోజు పట్టుబట్టి సరిచేసింది. ఇక విండో మూస్తే చాలు, పిల్లలన్నిటికీ ఆగిపొమ్మని సిగ్నల్ వెళ్తుంది. అవి బుద్ధిగా ఆగుతాయి. తన పనితనానికి తనే భుజం తట్టుకుంది.

ఆ పిల్లల్లో ఒకటి భీమవరం పక్కనున్న వాళ్ల రొయ్యల చెరువుని కనిపెట్టుకుని ఉండేది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే, నీళ్లు చిలికి గాలి కలిపే ఫ్యాన్లని, అంటే ఏరియేటర్లని తిప్పేది అదే. అది ఆగితే అవీ ఆగినట్టే. తండ్రి వెంకటరామరాజుగారు ఆశలన్నీ ఈ పంట మీదే పెట్టుకున్నారు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు కూడా దగ్గరపడింది.

దసరానాడు పొద్దుట్నుంచీ మబ్బు పట్టి నీళ్లలో ఆక్సిజన్ పడిపోవడంతో, ఏరియేటర్లు ఆగకుండా తిరుగుతున్నాయి. రాజుగారు బండికీ, కొడవలికీ, కాటాకీ బొట్లు పెట్టి కూతురి లాప్‌టాప్ దగ్గరికొచ్చారు. ఆమె తలంటు పోసుకుంటోంది. పండగపూట పనిముట్టుకి విశ్రాంతి ఇవ్వాలి కదా అని, ఆ నల్ల విండోని ఎంతో భక్తిగా మూసేసి, లాప్‌టాప్‌కి పసుపు రాసి కుంకుమ దిద్దారు. నిన్నటి విండో అయితే ఏమీ అయ్యేది కాదు. ఇవాళ్టిది చెప్పిన మాట విన్నది.

గారెలు తింటూ ఉండగా ఫోన్ మోగింది. పండగ భోజనానికి ఇంటికెళ్లి అప్పుడే చెరువుకి తిరిగొచ్చిన కాపలాదారు పెదబాబు.

"అయ్యగారండీ, ఫ్యాన్లు తిరగట్లేదండి! రొయ్యలన్నీ పైకి తేలిపోతున్నాయండి!"

భానుశ్రీ లాప్‌టాప్ చూసింది. విండో లేదు. ఏం జరిగిందో క్షణంలో అర్థమైంది. వెంటనే ప్రోగ్రాం మళ్లీ నడిపించింది. ఇద్దరూ చెరువు చేరేసరికి సగం పంట చచ్చి తేలింది.

రాజుగారు గట్టు మీద కూలబడ్డారు. భానుశ్రీ ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నగారండీ, అసలు జరిగిందేంటంటే..."

"నాకు తెలుసులేమ్మా. పండగని కూడా చూడకుండా పొద్దుట్నుంచీ ఆ కంప్యూటర్‌ని పనిచేయించాం. అమ్మవారు ఊరుకుంటారా? నేనెళ్లి ఆపేసరికే ఆలస్యమైపోయింది."

నిజం చెబితే ఆ పాపం ఆయన చేతికే అంటుకుంటుంది. భానుశ్రీ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"వచ్చే ఏడాది తెల్లారకముందే ఆపేద్దామమ్మా" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ.

"అలాగేనండీ" అంది.