ఇరవై ఒకటో రోజు

"ఒక్క పున్నమి తప్పలేదు సారూ. రెండేండ్ల సంది ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు."

కిష్టయ్య ఆ మాట అనడం అది మూడోసారి. కామారెడ్డిలోని గుండె డాక్టరు వింటూనే ఉన్నాడు గానీ, ఆయన చూపు మాత్రం తెర మీద కదులుతున్న నల్లటి బొమ్మ మీదే ఉంది. అది బల్ల మీద పడుకున్న నిహారిక గుండె. బొమ్మలో ఎర్రగా ఏదో ఎగజిమ్మినప్పుడల్లా డాక్టరు నొసలు ముడి పడుతోంది. ఆ ముడి కనబడినప్పుడల్లా కిష్టయ్య ఆ మాటే మళ్లీ అంటున్నాడు.

నిహారిక ఆయనకు ఒక్కతే కూతురు. పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి. రెండేళ్ల కింద గొంతునొప్పి వచ్చి తగ్గింది. అది తగ్గిన మూడు వారాలకు జ్వరం వచ్చింది, మోకాళ్లు వాచాయి. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలోని ఒక కవాటాన్ని చెడగొట్టి పోయింది. అప్పుడు హైదరాబాద్‌లో చూపిస్తే, నెలకొక పెన్సిలిన్ సూది వేయించాలి, అదీ ఏళ్ల తరబడి, అని చెప్పి పంపారు. గొంతులో ఆ క్రిమి మళ్లీ చేరకుండా ఆ మందు కావలి కాస్తుందట. మళ్లీ చేరితే కవాటం ఇంకా చెడుతుందట.

నెల అనగానే కిష్టయ్యకు తోచింది పున్నమి. వాళ్లింట్లో ప్రతి పున్నమికీ సత్యనారాయణ వ్రతం ఉంటుంది. తండ్రి నాటి నుంచి వస్తున్న ఆచారం. పొద్దున్నే వ్రతం చేసుకుని, ప్రసాదం తిన్నాక పిల్లను టీవీఎస్ బండి మీద కూర్చోబెట్టుకుని ఊళ్లోని ఆర్‌ఎంపీ రాజన్న దగ్గరికి పోవడం, సూది వేయించుకుని రావడం. నాట్లున్నా, చుట్టాలింట్లో పెండ్లున్నా ఆ పని ఆగలేదు. దేవుడి పని, బిడ్డ పని ఒక్క దినమే పడడం తన అదృష్టమని కిష్టయ్య నలుగురిలో చెప్పుకునేవాడు కూడా.

అయినా పోయిన నెల పిల్లకు మళ్లీ గొంతు పట్టింది. మళ్లీ జ్వరం. బడి మెట్లెక్కితే ఆయాసం.

"లీకు పెరిగింది" అన్నాడు డాక్టరు యంత్రం ఆపి. "ఆపరేషన్ దాకా పోలేదు. ఇంకోసారి గిట్లనే జ్వరమొస్తే అందాక పోతది."

"పున్నమి తప్పలేదు సారూ..."

"తెలుసు కిష్టయ్యా. తప్పు నీది కాదు. నెలకొకటి అన్నోళ్లది గూడ పూర్తిగ తప్పనలేం, కొన్ని దేశాలల్ల ఇప్పటికీ నాలుగు వారాలకే ఇస్తరు. కని మూడు వారాలు దాటినంక రక్తంల ఈ మందు బలం పడిపోతది. మన దిక్కు ఈ జబ్బు ఎక్కువ. అందుకే మన పిల్లల డాక్టర్ల సంఘం ఇరవై ఒక్క రోజులకొకటి అని రాసింది. అది వచ్చి నాలుగేండ్లయింది."

"నాలుగేండ్లా?" కిష్టయ్య గొంతు కొంచెం లేచింది. "మాకు చెప్పింది రెండేండ్ల కిందనే గద సారూ. అప్పటికే రాసి ఉంటే మాకు నెల అని ఎందుకు చెప్పిండ్రు?"

డాక్టరు కలం మూత తీశాడు, పెట్టాడు. "రాసిందంత అందరికీ చేరదు కిష్టయ్యా" అన్నాడు చివరికి. ఆయన మంచివాడే. కానీ ఆ మాటతో కిష్టయ్య కోపం చల్లారలేదు.

ఆ రోజు సూది డాక్టరే దగ్గరుండి వేయించాడు. తర్వాతిదానికి మందు సీసా ఇచ్చి, ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు, మీ దగ్గరి సర్కారు దవాఖానలోనే వేయించుకోండి అని కాగితం రాసిచ్చాడు. కనీసం ఇరవై అయిదేళ్ల వయసు వచ్చేదాకా మానొద్దన్నాడు.

ఎల్లారెడ్డి బస్సులో కిష్టయ్య వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. పున్నమికి పున్నమికి ఇరవై తొమ్మిది దినాలు, ఒక్కోసారి ముప్పై. అందులోంచి ఇరవై ఒకటి తీసేస్తే ఎనిమిదో తొమ్మిదో. అంటే రెండేళ్లుగా ప్రతి నెలా అన్ని దినాలు తన బిడ్డ గుండె కావలి లేని చేను. స్వామీ, నీ దినం నేనెన్నడూ తప్పలేదు, అనుకున్నాడు మనసులో. నా బిడ్డ దినం ఏదో నాకెవ్వరూ చెప్పలేదు. నీకు తెలిసే ఉంటది గద? తెలిసీ ఊకున్నవా? అడగకూడనిది అడిగినట్టనిపించి చెంపలు వేసుకున్నాడు. అడగడం మాత్రం మానలేకపోయాడు.

ఇంట్లో భార్య నర్సవ్వ అంతా వింది. తర్వాత, "పున్నమికి పున్నమికి అని ఊరంత డప్పు కొట్టినవు గద" అంది. అన్నాక మొగుడి ముఖం చూసి, "నువ్వేం చేస్తవు తియ్. చెప్పినోళ్లు చెప్పినట్టు చేసినవు. మరి ఇప్పుడు వ్రతం దినం మారుస్తవా?" అనడిగింది.

"వ్రతం వ్రతమే, సూది సూదే. రెండు కలిపింది నేను, దేవుడు కాదు."

ఇరవై ఒకటో రోజు గురువారం పడింది. కిష్టయ్య పొద్దున్నే స్నానం చేసి, మందు సీసానూ అది కలిపే నీళ్ల గాజుబుడ్డినీ డాక్టరు కాగితంలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని, పిల్లను బడి మాన్పించి బయలుదేరాడు. మొదట రాజన్న ఇంటికి.

రాజన్న సీసా చూడగానే రెండు చేతులూ జోడించాడు. "అన్నా, నీకు దండం పెడ్తా. గోలి అడుగు, సెలైన్ అడుగు. పెన్సిలిన్ మాత్రం అడుగకు."

"రెండేండ్లు నువ్వే ఇస్తివి గదనే!"

"అప్పటి సంగతి వేరు. మొన్న నస్రుల్లాబాద్ దిక్కు ఒక ఊర్ల నా అసోంటోడే ఒకాయన ఒకామెకు గీ సూది ఇచ్చిండు. సూది తియ్యకముందే ఆమె కింద పడ్డది. వాళ్లోళ్లంత వచ్చి ఆయన్ని కొట్టిండ్రు."

"ఆమె బతికిందా?"

"ఆమె బతికింది. ఆయన కుర్చీ, బల్ల బతకలేదు. మా వదిన కొనిపెట్టిన కుర్చీ అన్నా ఇది, పాడు చెయ్యకు."

నిహారిక పక్కున నవ్వింది. కిష్టయ్యకు నవ్వు రాలేదు.

అక్కడి నుంచి సర్కారు దవాఖాన. నాలుగు మైళ్లు. వరండాలో జనం పలచగా ఉన్నారు. నర్సు మాలతి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "డాక్టర్ సారు లేడు. మీటింగుకు పోయిండు. ప్రతి గురువారం మీటింగే. సారు లేకుంటే పెన్సిలిన్ ఇయ్యొద్దని మాకు ఆర్డరు."

"నువ్వు ఇయ్యొచ్చు గదమ్మా? కాగితం మీద అంత రాసి ఉన్నది."

"రాసినాయన కామారెడ్డిల ఉన్నడు. ఏమన్న అయితే ఈడ ఉండేది నేను. రేపు రాండ్రి."

"రేపటికి ఇరవై రెండు అయితది."

"ఒక్క దినానికి ఏం కాదు పెద్దమనిషీ."

ఆమె మాట నిజమే కావచ్చు. ఒక్క దినానికి ఏమీ కాకపోవచ్చు. కానీ ఏం కాదు, ఏం కాదు అని వినీ వినీ కిష్టయ్య చెవులు పుండై ఉన్నాయి. "తొమ్మిది దినాలకు గూడ ఏం కాదనే అనుకున్నమమ్మా" అని సంచి భుజాన వేసుకున్నాడు.

ఎల్లారెడ్డిలో ఒక నర్సింగ్ హోంలో అడిగారు. మా దగ్గర చూపించుకున్న పిల్ల కాదు, ఇంకొకరి చీటీ మీద ఆ సూది మేం వెయ్యం అన్నారు. కౌంటరు దగ్గరి అబ్బాయి ఆ మాట ఫోను చూసుకుంటూనే చెప్పాడు. కిష్టయ్య బయటికి వచ్చి కామారెడ్డికి ఫోన్ చేశాడు. గుండె డాక్టరు హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ల సభకు పోయాడట. ఎల్లుండి వస్తాడట.

"సభల కొత్త సంగతులు చెప్పుకుంటరు గావచ్చు" అన్నాడు కిష్టయ్య ఫోన్ జేబులో పెడుతూ. "ఉన్న సంగతే ఈడికి రాలే. కొత్తది ఇంక ఎన్నడొస్తదో."

ఎండ నడినెత్తికి వచ్చింది. నిహారిక బండి పట్టుకుని నిలబడి పైకి కనబడకుండా ఆయాసపడుతోంది. అది కిష్టయ్య కళ్లపడింది. హోటల్లో ఇడ్లీ తినిపించాడు. తాను తినలేదు, గురువారం ఒక్కపొద్దు.

"పోదాం తియ్ బాపూ ఇంటికి" అంది పిల్ల. "రేపు వేయించుకుంటా."

"రేపు ఇంకెవడో ఇంకేదో అంటడు. బండెక్కు."

బండి మళ్లీ సర్కారు దవాఖానకే మళ్లింది. మాలతి అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది. వీళ్లను చూసి ముఖం చిట్లించింది. "చెప్పిన గదనయ్యా. మల్ల ఎందుకొచ్చినవ్?"

కిష్టయ్య నోరు తెరవకముందే నిహారిక ముందుకొచ్చింది. "సిస్టర్, సూది ఇచ్చినంక నాకు ఏమన్న అయితే మీ బాధ్యత లేదని మా బాపు సంతకం పెట్టాలె గద?"

"పెట్టాలె."

"మరి ఇయ్యకుంటే నాకేమన్న అయితే ఎవరు పెడ్తరు సంతకం?"

మాలతి తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ పిల్ల వైపు చూసింది. కిష్టయ్య పొద్దుటి నుంచి అణచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"నా బిడ్డ అడిగినదాంట్ల తప్పేమున్నదమ్మా? ఒక కాగితం తియ్యి. ఇయ్యాల ఇరవై ఒకటో దినం, పిల్లను తీసుకొచ్చిండ్రు, మందు గూడ వాళ్లే తెచ్చుకున్నరు, మేం ఇయ్యలేదు అని రాయి. కింద నీ పేరు పెట్టు. దండం పెట్టి తీసుకొని పోతం. అందరు మమ్మల్నే సంతకాలు అడుగుతరు. ఒక్కరన్న మాకు పెట్టియ్యుండ్రి."

"నా నౌకరి ఊడగొడ్తవా ఏంది?"

"నీ నౌకరి నాకెందుకమ్మా? నా బిడ్డ గుండె నాకు కావాలె."

వరండాలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ "గట్లడుగు" అంది ఎవరితోనో అన్నట్టు. మాలతి తువ్వాలు మేకుకు తగిలించి, బెంచీ మీద కూలబడింది. ఆమె గొంతు తగ్గింది.

"నాకు ఇయ్యబుద్ధి గాక కాదన్నా. మునుపు పనిచేసిన కాడ నా చేతుల మీదనే ఒక పిలగాడు కండ్లు తేలేసిండు. ఉట్టి భయానికే పడ్డడని సారు అన్నడు. లేచి పోయి ఐసు గూడ తిన్నడు వాడు. కని నాకు వారం దినాలు చేతులు వణికినయి."

కిష్టయ్య కోపం పట్టు దొరకక జారింది. ఇందాక పెద్దమనిషీ అన్న నోరే ఇప్పుడు అన్నా అంది. "భయం నాకు గూడ ఉన్నది చెల్లే" అన్నాడు. "నువ్వు ఒక్కదానివి వెయ్యమంటలేను. సారుకు ఫోన్ చెయ్యి. ఎంతసేపైనా కూసుంటం."

ఆమె ఫోన్ చేసింది. మీటింగు నాలుగింటికి అయిపోతుందట, వచ్చి చూస్తానన్నాడట. వాళ్లు కూర్చున్నారు. నాలుగు దాటింది, అయిదు దాటింది. సారు వచ్చి, కాగితం చదివి, "మూడు వారాలకా? నెలకు గద ఇచ్చేది?" అన్నాడు. కిష్టయ్య కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పాడు. సారు విన్నాడు, అదొకటి మేలు. ఫోన్‌లో ఎవరినో కనుక్కున్నాడు కూడా. చర్మం కింద చుక్క మందు వేసి అరగంట కూర్చోబెట్టారు. అత్యవసరానికి వేరే మందు సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకున్నారు. ఎర్రబడలేదు, దద్దురు లేదు. అప్పుడు మాలతి తడి సున్నంలా చిక్కగా ఉన్న ఆ మందును మెల్లమెల్లగా నడుం కింద ఎక్కించింది. సూది మధ్యలో ఒకసారి మొరాయించింది. నిహారిక బల్ల అంచు పట్టుకుని "అవ్వో" అంది గానీ కదలలేదు. మాలతి చేతులు వణికాయో లేదో కిష్టయ్య చూడలేదు. తలుపు వైపు తిరిగి స్వామిని తలుచుకుంటున్నాడు.

బయటికి వచ్చాక మాలతి చీటీ మీద తర్వాతి తేదీ వేసింది. "మల్ల గురువారమే."

"మల్ల గురువారమా?"

"ఇరవై ఒకటి అంటే మూడు వారాలే గద అన్నా. ఎప్పుడొచ్చినా గురువారమే వస్తది."

"ప్రతి గురువారం సారుకు మీటింగు."

"అవ్."

కిష్టయ్య ఆ చీటీ వైపు చూశాడు. ఇంకా పదకొండేళ్లు. ప్రతిసారీ ఈ గురువారమే, ఈ మీటింగే, ఈ బెంచీయే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచి సారు గదిలోకి పోయాడు. "సారూ, ఒక దినం ముందు వేస్తే నష్టమున్నదా?"

"ముందు వేస్తే నష్టం లేదు. ఆలస్యమే చెయ్యొద్దు."

తిరిగి వచ్చి చీటీ మాలతి ముందు పెట్టాడు. "బుధవారం రాయి."

"బుధవారం చంటిపిల్లల టీకాలన్నా. ఈడ సంత తీరుగ ఉంటది. ఏడుపులు, లైన్లు. పొద్దంత నిలబడాలె."

"ఆ దినం సారు ఉంటడా?"

"ఉంటడు. టీకాల దినం ఎటూ కదలడు."

"అయితే గదే లైన్ల నిలబడ్తం."

"బాపూ!" అంది నిహారిక. "బారసాల పిల్లల నడుమ నేనా? మా క్లాసోళ్లెవరన్న చూస్తే?"

"చూడనీ."

మాలతి గురువారం కొట్టేసి బుధవారం వేసింది. రెండు సార్లు చదివించుకుని కిష్టయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లకు బండి మీద కూర్చోవడం కుదరలేదు. సూది వేసిన చోట సలుపుతోంది. అందుకని సలుపు కొంచెం తగ్గేదాకా ఆయన బండి నెట్టుకుంటూ, ఆమె పక్కన కొంచెం కుంటుతూ రోడ్డు పట్టారు. కొంత దూరం పోయాక, "నేను ఆ లైన్ల నిలబడను" అంది ఆమె.

"నువ్వు నీడకు కూసో. లైన్ల నేను నిలబడ్త" అన్నాడు కిష్టయ్య.