వంటగది గోడ

బల్ల మీద ఇంటి ప్లాను పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు బరువు పెట్టి, బస్సు డ్రైవరు రాజ్యం గెలిచినవాడిలా నిలబడ్డాడు. పాతికేళ్లు రెండు అద్దె గదుల్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ బతికిన మనిషి. ఆ మాత్రం పొగరు ఉండాలి కూడా.

"ఇదిగో, ఈ చివరి గది నీది" అని కూతురికి చేతులతో చెప్పాడు. పుట్టుకతోనే వినపడని పిల్ల. ఇరవై ఏళ్లొచ్చాయి, అట్టపెట్టెలు తయారుచేసే షెడ్డులో పని. "అన్నిటికంటే పెద్దది. తలుపేసుకున్నావంటే రోడ్డు చప్పుడు ఒక్కటీ రాదు!"

"నాకెప్పుడొచ్చింది గనక నాన్నా?" అన్నాయి ఆమె వేళ్లు.

స్టవ్వు దగ్గరున్న భార్య పగలబడి నవ్వింది. డ్రైవరు నాలుక కరుచుకున్నాడు.

కూతురు మాత్రం నవ్వి ఊరుకోలేదు. మర్నాడు ఇంజనీరు వస్తాడు. వీళ్లు సరేనంటే ఎల్లుండి పునాదులు తవ్వేస్తారు. ఆ తర్వాత గోడలు మాట వినవు. షెడ్డులో రోజంతా గీతల్ని పెట్టెలుగా మడిచే పిల్లకి కాగితం మీద గీత గీతలా ఆగదు, లేచి నిలబడుతుంది. స్కేలూ, కత్తీ తీసుకుని కూర్చుంది. చీకటి పడేలోపు ప్లాను మొత్తం అట్టగోడలతో బల్ల మీదికి లేచింది. వంటగదిలో ఒక అగ్గిపుల్ల గుచ్చింది. "ఇది అమ్మ. ఇప్పుడు హాల్లో కన్ను పెట్టి చూడు."

డ్రైవరు బొజ్జ అడ్డం పడుతున్నా వంగి చూశాడు.

"అమ్మ కనపడుతోందా?"

"గోడ కనపడుతోంది."

"నా గదిలోంచి?"

"ఇంకో గోడ."

"మరి నేనెవరితో మాట్లాడాలి?"

డ్రైవరు అట్టగోడని వేలితో తట్టి చూశాడు. ఆయన ఏ మూల కూర్చున్నా 'టీ' అని ఒక కేక వేస్తే పని జరిగిపోతుంది. ఆ పిల్లకి కళ్లెదుట లేని మనిషి ఇంట్లో లేనట్టే. ఈ ఇరుకింట్లో తల్లి పిండి చేతులతోనే సగం ఊరి కబుర్లు చెప్పేస్తుంది. ఆ వంటగది గోడ అడిగి మరీ గీయించుకున్నది డ్రైవరే. ఇల్లు కట్టే ప్రతివాడికీ ఉండే జబ్బే ఇది: ఏడాదికోసారి వచ్చే చుట్టం కోసం హాలు, రోజూ ఉండే మనిషికి గోడ!

"వచ్చినవాళ్లకి ఎంగిలి గిన్నెలు కనపడతాయే" అని గొణిగాడు.

"కనపడనివ్వండి! మనమూ తింటామని తెలుస్తుంది" అంది భార్య.

పొద్దున్నే వచ్చిన ఇంజనీరు సంగతంతా విని, అట్ట ఇంటి చుట్టూ తిరిగి చూశాడు. "గోడ తీసేయొచ్చు గానీ స్లాబు బరువు దీని మీదే ఉంది. బీము వేసి పిల్లరు నిలపాలి. అమ్మాయి గది వంటగదికి ఎదురుగా రావాలంటే రెండడుగులు తగ్గుతుంది. మీ అమ్మాయికి ఫర్వాలేదేమో అడగండి."

"నన్నడుగుతారేం సార్? ఎదురుగానే ఉంది. మొహం చూపించి మెల్లగా మాట్లాడండి, తనే చెబుతుంది" అన్నాడు డ్రైవరు.

ఇంజనీరు కాస్త తడబడి అటు తిరిగాడు. "గది చిన్నదవుతుంది. సరేనా?"

ఆమె తండ్రికేసి చూస్తూ చేతులాడించింది. డ్రైవరు గొంతు సవరించుకుని పైకి చెప్పాడు: "పెద్ద గదిలో ఒక్కదాన్నీ ఎవరితో పోట్లాడాలి, అంటోంది."

ఇంజనీరు పెన్సిలు నిలబెట్టి "పిల్లరు ఇక్కడ?" అన్నాడు. ఆమె ఒక కన్ను మూసి, పెన్సిలుని బొటనవేలంత పక్కకి జరిపింది. అతను అక్కడే గుర్తు పెట్టాడు. సంతకం చేద్దామని డ్రైవరు పెన్ను తీశాడో లేదో, కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. ప్లానులో వెనక గోడకి ఆనించి గీసిన స్టవ్వు గట్టు మీద వేలు పెట్టి తల్లికేసి తిరిగింది.

"ఇక్కడ నిలబడి ఏం చేస్తావే, వీపుతో మాట్లాడతావా?"

"నా వంటగదికి కూడా నువ్వే మేస్త్రీవా!" అంది తల్లి, రెండు చేతులతోనూ. వెంటనే ప్లాను మీదికి వంగి, గట్టుని హాలు వైపు తిప్పి చూపించింది.

ఇంజనీరు రబ్బరు కోసం జేబులు తడుముకున్నాడు.