మావిస్ ఎడమకాలు

మధ్యాహ్నం నాలుగయ్యేసరికి డెనిస్ మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని చక్కెరదుంపల చేలోంచి వస్తాడు. భార్య మావిస్ టీ కాచి, వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి ఉంచుతుంది. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఆ చుట్టుపక్కల ఎవరికి పాతకాలపు బూటు బకిల్ దొరికినా ఆమె దగ్గరికే తెస్తారు. చట్రం సైజు, ముల్లు ఆకారం చూసి ఏ కాలందో చెబుతుంది. తర్వాత దాన్ని తన ఎడమ బూటుకి తగిలించుకుంటుంది. బకిల్ సొంతదారు చివరిసారి ఎలా నడిచాడో ఆమె కాలు అలాగే నడుస్తుంది. కుంటివాళ్లూ, తాగుబోతులూ, మూటలు మోసేవాళ్లూ ఎందరో ఆ వంటింట్లో నడిచి వెళ్లారు.

ఇవాళ డెనిస్ గుమ్మం దగ్గరే ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. గుండె ఆపరేషన్‌కి రమ్మని వచ్చిన రెండో ఉత్తరం కూడా సొరుగులో పడేశాడు. రేపటిలోగా ఫోన్ చెయ్యకపోతే ఆసుపత్రివాళ్లు జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మావిస్‌కి వారం నుంచి నిద్ర లేదు. అతను బల్ల మీద పెట్టిన బకిల్‌ని ఆమె చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ టూత్‌బ్రష్‌తో తోమావా? తగరం పూతంతా పోయింది. బుద్ధుందా నీకు?"

"తిట్లు తర్వాత. ఏ కాలంది?"

అరచేతి వెడల్పుంది. పాదం మీదికి వంపు తిరిగి ఉంది. "పదిహేడు వందల ఎనభైలది. కుర్రాడెవడో. ఇంత షోకు ముసలాళ్లు చెయ్యరు."

"అంటూ నన్ను చూస్తావేం?"

"ఆసుపత్రికి ఫోన్ చేశావా?"

"మొదలెట్టావూ! మా నాన్న అక్కడికి నడిచెళ్లి శవపెట్టెలో వచ్చాడు. ముందు తగిలించు."

తగిలించింది. మడమ పైకి లేవబోయింది. ఎక్కడో పెళ్లిలో ఆడి ఇంటికి పోతూ, ఇంకా గంతులు మానని కుర్రాడు. మావిస్ తలెత్తింది. ఎదురుగా డెనిస్ పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమెకి భయం ముంచుకొచ్చింది. ఒళ్లంతా బరువు చేసి ఆ కాలిని ఈడ్చింది. రెండడుగులు. మూడో అడుగుకి బల్ల పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఏమైందే?"

"డెనిస్, ఈ బకిల్ మనిషి గుండె పట్టుకున్నాడు. ఇంటి గేటు కనిపిస్తూనే ఉంది. పడిపోయాడు."

"కుర్రాడన్నావుగా?"

"పొరపాటు పడ్డాను. అరుగుదల చూడు. ఏళ్ల తరబడి పెట్టుకున్నాడు. నీ వయసే ఉంటుంది."

బకిల్ దగ్గర మావిస్ పొరపాటు పడడం డెనిస్ ఎన్నడూ ఎరగడు. ఆ కాలి వంక చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్లి సొరుగు తెరిచాడు.

అతను ఫోన్లో పేరూ పుట్టిన తేదీ చెబుతుంటే మావిస్ కుర్చీలోకి చేరింది. బల్ల కింద ఎడమకాలు ఆడతానని ఒకటే పెనుగులాట. కుడికాలు దాని మీద వేసి, డెనిస్ "సరే, ఆపరేషన్‌కి వస్తానండీ" అనేదాకా అదిమి పట్టుకుంది.