పదో వేలు

గాజు పలక మీద బఠాణీ గింజంత సిరా వేసి, రబ్బరు రోలరుతో పలచగా పరిచింది ముద్రలక్క. సిరా ఎక్కువైతే గీతలు మూసుకుపోతాయి, తక్కువైతే అక్కడక్కడా తెగుతాయి. పలకను కిటికీ వైపు ఎత్తి చూసుకుని, తృప్తిపడ్డాకే మొదటి పిల్లవాణ్ణి పిలిచింది. వాడి పది వేళ్ళూ తుడిచి, ఒక్కొక్కటీ గోటి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కార్డు గడిలో దొర్లించింది. చెమట పట్టే చేతులు, గోళ్ళు కొరికిన చేతులు, అమ్మ కళ్ళెర్రజేస్తే బిగుసుకునే చేతులు రోజూ ఎన్నో వస్తాయి. వేలు పట్టుకుంటే చాలు, పిల్లల సంగతి సగం తెలిసిపోతుంది ఆవిడకి. కానీ ఆవిణ్ణి అడిగేదెవరు?

చెప్పేది లోపలి గదిలో సారు. వేలిముద్రల్ని బట్టి పిల్లల తెలివి ఎంతో తేల్చడం ఆయన వ్యాపారం. గోడకి ఆయన వేలాడదీసిన పటం ఉంది. దాని ప్రకారం మెలిక ఉంటే మామూలు బుర్ర, సుడి ఉంటే చురుకు. ఒక్క వేలికి జంట సుడి ఉన్నా చాలు, వెయ్యి మందిలో ఒకడు, మహా మేధావి. పది వేళ్ళకీ విల్లులా వంగిన గీతలే ఉంటే అది ఇంకా అరుదు. అయితే అలాంటివాళ్ళది బుద్ధి మందం, చదువు దండగ. ఈ పటం ఎవరు ఏ ఆధారంతో గీశారో సారుకే తెలియదు. అడిగిన తల్లిదండ్రులూ లేరు. తమ పిల్లల గీతలు నల్లగా కాగితమ్మీద కనబడేసరికి ఎంతటివాళ్ళకైనా నోరు పడిపోతుంది.

ముద్రలక్క నోరూ అలాగే పడిపోయింది, పధ్నాలుగేళ్ళ కిందట. పనిలో చేరిన కొత్తలో, మనవాడే కదా అని సారు ఆవిడ కొడుక్కి ఊరికే పరీక్ష చేశాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. పది వేళ్ళకీ విల్లులే. ఆ ఏడే బడి మాన్పించింది. వాడిప్పుడు రాతి పలకలు నునుపు చేసే షెడ్డులో పని చేస్తున్నాడు. ఈ మధ్య అక్కడ హాజరు కోసం వేలు పెట్టే మిషను బిగించారు. అది వాడి వేలిని ఒప్పుకోవడం లేదట. "మిషను లెక్కలో నేను పుట్టనేలేదమ్మా" అని పొద్దున అన్నం తింటూ నవ్వాడు. చెయ్యి లాక్కుని చూస్తే పది వేళ్ళ కొనలూ గచ్చులా నున్నగా ఉన్నాయి. రాళ్ళతో పాటు గీతలూ అరిగిపోయాయి. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఒక లారీ డ్రైవరు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. లెక్కల్లో రెండుసార్లు తప్పిందట. భార్య చదివిద్దామంటోంది, అక్కేమో తన ఇస్త్రీ కొట్లో సాయానికి పంపమంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ, సారు ఎలా చెబితే అలా చేసి చేతులు దులుపుకుంటానన్నాడు.

"బుర్ర లేదని వస్తే ఎల్లుండి లారీలోనే మా అక్క దగ్గర దింపేస్తా" అన్నాడు.

పిల్ల పక్కనే నిలబడి వింటోంది.

కుడి బొటనవేలు విల్లు. చూపుడు వేలు కూడా విల్లే. కుడి చెయ్యి పూర్తయ్యేసరికి ఐదూ విల్లులే. ఎడమ చేతికి ఒక్క మెలికైనా ఉండకపోతుందా అనుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది. పిల్ల తన వేళ్ళని కాక ఆవిడ మొహాన్నే చూస్తోంది. తొమ్మిదోదీ అంతే.

మిగిలింది ఎడమ చిటికెన వేలు. ఈ పనికి కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. దొర్లించిన వేలిని పైకెత్తకుండా వెనక్కి దొర్లిస్తే గీత మీద గీత పడి, జంట సుడిలా కనిపిస్తుంది. పధ్నాలుగేళ్ళలో ముద్రలక్క చేతిలో ఆ తప్పు ఒక్కసారీ జరగలేదు. ఇప్పుడు కావాలని చేసింది.

సారు లోపలి గదిలోంచి వచ్చి, కార్డు మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు చూశాడు.

"నీ చేతిలో వేలు జారడమేంటి? ఇంకో కార్డు తియ్యి, మళ్ళీ వెయ్యి."

కొత్త కార్డు తీసింది. పిల్ల చిటికెన వేలు తుడిచి, సిరా పలక దాకా తీసుకెళ్ళింది. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. నోట్లో నాలుక లేని మనిషని ఆవిడకి పేరు. ఆ మనిషి వేలు వదిలేసి, సారుతో కాకుండా డ్రైవరుతో మాట్లాడింది.

"వేలు జారలేదన్నా, నేనే జార్చాను. ఈ పిల్లకి పదికి పదీ విల్లులే. నా కొడుక్కీ అంతే. బుద్ధి మందమని ఇక్కడే చెబితే నమ్మి బడి మాన్పించాను. ఇప్పుడు వాడి వేళ్ళమీద ఒక్క గీత లేదు, రాళ్ళకి అరిగిపోయాయి. గీతలు పోయినా వాడు వాడే. మందం వాడి బుద్ధిలో లేదు, నేనే చదివించలేదు."

ఆవిడకి ఒంట్లో బాగాలేదనీ, ఐదు నిమిషాలు కూర్చుంటే తానే ముద్రలు తీస్తాననీ సారు అంటున్నాడు. డ్రైవరు కూర్చోలేదు. గోడ మీది పటం చూశాడు. పిల్ల వేళ్ళు చూశాడు.

"వెళ్ళి చేతులు కడుక్కో" అన్నాడు చివరికి కూతురితో. "రేపు ఆ చేతులతోనే బడికెళ్తావా?"

పిల్ల పంపు దగ్గరికి పరుగెత్తింది.

వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగి, రేపట్నుంచి రావద్దన్నాడు సారు, గొంతు పెంచకుండా. ముద్రలక్కకి భయం వేసింది. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? అయినా భయం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది. ఆనాడు తనతో ఎవరైనా ఇలా ఒక్క మాట అని ఉంటే అనుకుంది. సిరా మరకల ఏప్రాను మేకుకి తగిలించి, టిఫిను డబ్బా తీసుకుని బయటపడింది. ఇంటి వైపు కాక షెడ్డు వైపు నడిచింది. కొడుకు ఎదురుపడితే ఏమని మొదలుపెట్టాలో ఆవిడకి ఇంకా తెలియదు.

పంపు గట్టు మీద పిల్ల వదిలేసి వెళ్ళిన సబ్బు ముక్క తడిగానే ఉంది. దాని నిండా చిన్న చిన్న నల్లటి మరకలు, ఏది ఏ వేలిదో చెప్పడానికి వీల్లేకుండా కలిసిపోయి.