పెన్సిల్ పేర్లు

ఆగండాగండి, అప్పుడే వెళ్లిపోకండి, కాస్త కూర్చుని ఇది వినండి. ఒక కాలేజీ ఉంటుందా ఊడుతుందా అన్నది ఒక చిన్న గడిలో రాసే మూడంకెల మీద ఆధారపడి ఉంది. ఆ అంకెలు రాయాల్సిన మనిషి పొద్దున్నించీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. సాయంత్రం ఐదింటికి ఆ గడి మూసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా తెరుచుకోదు.

ఆవిడని అందరూ రోల్ అక్కయ్య అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆఫీసు గదిలో పిల్లల పేర్ల రిజిస్టర్ రాసేది ఆవిడే. ప్రిన్సిపాల్ గారి నుంచి నిన్నగాక మొన్న చేరిన పిల్లల దాకా అందరికీ అక్కయ్యే. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం వచ్చి నాలుగు నెలలైంది.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. పేరు కొట్టేయరు. వేరే కాలేజీల్లో పిల్లలు మానేస్తే ఎర్ర సిరాతో ఒక్క గీత గీసి పారేస్తారు. ఇక్కడ ఎవరు మానేసినా, ఉద్యోగం దొరికినా, పెళ్లయినా, ఇంట్లో ఎవరికో బాగోలేకపోయినా, పేరు పక్కన పెన్సిల్‌తో చిన్నగా ‘రావచ్చు’ అని రాస్తారు, అంతే. మొదటి ప్రిన్సిపాల్ పెట్టిన పద్ధతి అది. పేరు కొట్టేస్తే మళ్లీ గుమ్మం ఎక్కడానికి పిల్లలకి మొహం చెల్లదు అనేవారట ఆయన. నిజంగానే కొంతమంది తిరిగొచ్చారు కూడా. ఒకమ్మాయి రెండేళ్ల తర్వాత చంకలో పిల్లతో వచ్చి పరీక్ష రాసింది. అప్పుడు అక్కయ్య రబ్బరు తీసుకుని ఆ పెన్సిల్ మాట చెరిపేసి, ముక్కలన్నీ ఉఫ్ మని ఊదేసి, ఆ రోజంతా నవ్వుతూ తిరిగింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే చట్టం వచ్చింది.

మూడేళ్ల కిందటి సంగతి. అప్పట్లో కాలేజీలు వరసపెట్టి దివాలా తీస్తుండేవి. పొద్దున పాఠం జరిగిన చోట సాయంత్రానికి తాళం, సగం చదువుతో పిల్లలు రోడ్డు మీద. అందుకని ప్రభుత్వం కాలేజీలని కాపాడే చట్టం చేసింది. అందులో ముఖ్యమైనవి రెండే రెండు మాటలు. ఒకటి, ప్రతి కాలేజీ ఏడాదికోసారి పిల్లల సంఖ్య పంపాలి. ఏడాదిలో పదోవంతు కంటే ఎక్కువ తగ్గిందా, వెంటనే ప్రభుత్వం మనుషులు వచ్చి కూర్చుంటారు, బాకీలు వాయిదా వేయిస్తారు, పక్క కాలేజీలతో పంతుళ్లని పంచుకునే ఏర్పాటు చేస్తారు. అంటే జబ్బు ముదరకముందే మందు. రెండోది, సంఖ్య ఐదొందలకి దిగువకి పోయిందా, ఇక మందు లేదు. కాలేజీని పద్ధతిగా మూసేస్తారు, పిల్లల్ని మార్కులతో సహా, ఏడాది పోకుండా, పక్క కాలేజీల్లో చేర్పిస్తారు. ఐదొందలో ఆపైనో ఉంటే మాత్రం రెండేళ్లు బాకీలవాళ్లు మీద పడకుండా రక్షణ అడగొచ్చు. కానీ రక్షణ తీసుకున్నాక మధ్యలో కూలితే పిల్లల చదువుకి పూచీ ప్రభుత్వానిది కాదు, కాలేజీదే.

మంచి చట్టమే కదా. మరి వీళ్లకి పోయిన ఏడాదే మందు ఎందుకు అందలేదు?

ఎందుకంటే అక్కయ్య రిజిస్టర్ చూసి సంఖ్య పంపింది. రిజిస్టర్ అంటే మరి, పెన్సిల్ పేర్లతో సహా. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆ ఆఫీసులో ‘మొత్తం’ అంటే అదే, ముప్ఫై ఏళ్లుగా అదే. మొదటి ఏడాది ఆరొందల నాలుగు అని పంపింది, రెండో ఏడాది ఐదొందల ఎనభై ఎనిమిది. చూసినవాళ్లకి ఏమనిపిస్తుంది, ఏదో పదహారుమంది తగ్గారు, బాగానే నడుస్తోంది అనిపిస్తుంది. నిజంగా క్లాసులో కూర్చున్నవాళ్లు మొదటి ఏడాది ఐదొందల తొంభై, రెండో ఏడాది ఐదొందల ఇరవై ఎనిమిది. పదోవంతు దాటిపోయింది. మనుషులు రావాల్సిన ఏడాది అదే. రాలేదు.

చట్టం పంతొమ్మిదో పేజీలో స్పష్టంగా రాసి ఉంది. గడిచిన అరవై రోజుల్లో ఒక్కసారైనా క్లాసుకి వచ్చినవాళ్లనీ, లేదా వచ్చే టర్మ్‌లో చేరతానని స్వయంగా రాసిచ్చినవాళ్లనీ మాత్రమే లెక్కపెట్టాలి అని. ఆ పేజీ అక్కయ్య పోయిన వారమే చదివింది. చదివి, మూసి, మళ్లీ చదివింది. ఏడుపు రాలేదు. భయం కూడా రాలేదు. పన్ను పీకే ముందు మత్తు ఇచ్చాక దవడ ఉంటుందే, తనదేనని తెలుస్తుంది కానీ తనదానిలా ఉండదు, ఒళ్లంతా అలా ఉంది. అప్పట్నుంచీ అలాగే ఉంది.

పొద్దున తొమ్మిదికి ప్రిన్సిపాల్ గారు స్వయంగా ఆఫీసు గదిలోకొచ్చారు. ఆయన మామూలుగా కబురు పెడతారు, రారు.

“ఎంతమ్మా, తేలిందా?”

“రిజిస్టర్లో ఐదొందల అరవై ఒకటి సార్. పెన్సిల్‌వి తీసేస్తే నాలుగొందల ఎనభై ఎనిమిది.”

“పన్నెండు తక్కువ.”

“పన్నెండు తక్కువ సార్.”

ఆయన కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డారు. బయట ఎవరో సైకిల్ స్టాండులో సైకిళ్లు సర్దుతున్నారు, ఒకటి పడితే పక్కవన్నీ పడ్డాయి. ఆయన అటే చూస్తూ, “రెండేళ్లూ పేపరు మీద సంతకం నాది,” అన్నారు. “చదవకుండా పెట్టాను. నిన్నేమీ అనడానికి నాకు నోరు లేదు.”

“అనండి సార్, పర్లేదు.”

“అంటే ఏమొస్తుంది? ఆ డెబ్భై ముగ్గురికీ ఫోన్లు చెయ్యి. వచ్చే టర్మ్‌లో చేరతామని ఎవరి ఫోన్ నుంచి వాళ్లు మెసేజ్ పెడితే చాలట, అదీ రాసిచ్చినట్టే. డెబ్భై ముగ్గురిలో పన్నెండుమంది దొరకరా ఏంటి!”

అలా మొదలైంది. అక్కయ్య రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని, స్కేలు అడ్డం పెట్టి ఒక్కో పేరు కిందకి జరుపుకుంటూ, ఫోన్లు చేసింది. సగం నంబర్లు పనిచేయలేదు. ఒకటి ఎవరో ముసలాయన ఎత్తి, “ఆ కుర్రాడి నంబరు ఇప్పుడు నాదమ్మా, రోజుకి ముగ్గురు అడుగుతారు, వాడేం చేశాడేంటి?” అన్నాడు. ఒకబ్బాయి వెనకాల హారన్లు మోగుతుంటే, “అక్కా, వ్యాన్ నడుపుతున్నా, ఒక్క నిమిషం, పక్కకి ఆపుతా,” అని ఆపి, విని, “నా పేరు ఇంకా ఉందా?” అని అడిగాడు.

“ఉంది నాన్నా.”

“నిజంగా? నేను మీకు చెప్పకుండానే మానేశా కదక్కా.”

“ఉంది. మేము కొట్టేయం.”

వ్యాన్ ఇంజన్ ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత, “సరే, సాయంత్రం క్లాసులుంటే వస్తా. పెడతా మెసేజ్,” అన్నాడు. పెట్టాడు కూడా. అలా పదకొండింటికి నలుగురు, ఒంటిగంటకి ఏడుగురు. ప్రతి మెసేజ్‌కీ అక్కయ్య రిజిస్టర్లో పేరు పక్కన ఒక చుక్క పెట్టింది. సంతోషించాలి అని తెలుసు, సంతోషం ఎక్కడుంటుందో ఆ చోటు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లింది. షాపు వాళ్లాయనదే. పరీక్షల ముందు వారం రోజులు వరసలో జనం, మిగతా ఏడాదంతా ఈగలు. టిఫిన్ బాక్సు మూత తీస్తూ ఆయన అడిగాడు.

“ఏమోయ్, ఉంటున్నామా, ఊడుతున్నామా?”

“ఏడుగురు దొరికారు. ఇంకో ఐదుగురు కావాలి.”

“నన్ను రాసుకో. వచ్చే టర్మ్‌లో చేరతా. నాకు డిగ్రీ లేదని మీ నాన్న పెళ్లిచూపుల నాటి నుంచీ దెప్పుతూనే ఉన్నాడుగా.”

మామూలుగా అయితే ఆవిడ నవ్వేది, చేతిలో ఉన్నది విసిరేది. ఇప్పుడు బాక్సులోంచి ముద్ద తీసుకుని నమిలింది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి, మెషిన్ స్విచ్ కట్టేశాడు.

“కాలేజీ పోతే షాపు కూడా పోతుందని ఆలోచిస్తున్నావా?”

“లేదండీ.”

“మరి?”

“ఆ రెండో ఏడాది నేను నిజం సంఖ్య పంపుంటే వాళ్లు వచ్చుండేవాళ్లు. అప్పుడే అన్నీ సర్దుకునేవి. నేను ప్రేమగా ఉంచిన పేర్లే కాలేజీ గొంతు నొక్కాయి.”

“నీకేం తెలుసు అప్పుడు?”

“తెలియదు. అదే చెప్తున్నా.”

ఆయన బాక్సు ఆవిడ వైపు జరిపి, “పోనీ ఆ రాసేది ఐదొందలే అని రాసేయరాదూ,” అన్నాడు. “నలుగురో ఐదుగురో అటూ ఇటూ, ఎవడొచ్చి తలకాయలు లెక్కపెడతాడు?”

అక్కయ్య చేయి కడుక్కుని వచ్చేసింది. 

రెండున్నరకి తొమ్మిది. మూడుంపావుకి పది. నాలుగింటికి ఒకమ్మాయి, ఇక్కడ మానేసి చేరిన నర్సు ట్రైనింగూ మధ్యలో వదిలేసిందట, ఫోన్లోనే ఎగిరి గంతేసినంత పని చేసి, అరనిమిషంలో మెసేజ్ పెట్టింది. పదకొండు. అంటే నాలుగొందల తొంభై తొమ్మిది.

జాబితాలో ఇంకొక్క పేరే మిగిలింది. లెక్కల్లో మొదటి ర్యాంకు వచ్చేది ఆ అమ్మాయికి. రెండో ఏడాది మధ్యలో మానేసింది. అక్కయ్య మూడుసార్లు చేసింది, ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది. వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు.

“ఎవరండీ?”

“నేనమ్మా, కాలేజీ నుంచి, రోల్ అక్కయ్యని.”

“ఓ.” చప్పుడు కాస్త దూరమైంది, బయటికి నడిచినట్టుంది. “చెప్పండక్కయ్యా.”

అక్కయ్య పొద్దున్నించీ చెప్తున్న మాటలే మళ్లీ చెప్పింది. నీ పేరు ఉంది, కొట్టేయలేదు, లెక్క ఐదొందలు లేకపోతే కాలేజీ మూసేస్తారు, వచ్చే టర్మ్‌లో చేరతానని ఒక్క మెసేజ్ పెడితే చాలు. అవతల నుంచి నింపాదిగా అడిగింది ఆ అమ్మాయి.

“ఒకటడుగుతా, ఏమనుకోకండి. రెండేళ్లయింది నేను మానేసి. ఇప్పటిదాకా ఒక్కళ్లూ ఫోన్ చేయలేదు. ఇప్పుడు నేను రావాలని చేశారా, నా పేరు లెక్కకి రావాలని చేశారా?”

ఇలాంటప్పుడు రెండూనమ్మా అనేయొచ్చు. ఎవరైనా అంటారు. అక్కయ్య నోరు తెరిచింది, ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

“లెక్కకమ్మా,” అంది.

అవతల ఆ అమ్మాయి నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, అలిసిపోయిన నవ్వు. “పోన్లెండి, నిజం చెప్పారు. నేను రాను అక్కయ్యా. ఇక్కడ సూపర్‌వైజర్ని చేశారు, ఇంట్లో నలుగురు నా మీదే ఉన్నారు, ఇక చదువు అనేది లేదు. కానీ మెసేజ్ పెడతా. మీ కాలేజీ ఉండాలి. మా చెల్లి మొదటి సంవత్సరంలో ఉంది అక్కడే, తెలుసా మీకు?”

“ఏ సెక్షన్?”

“బీ.”

బీ సెక్షన్లో ఆ ఇంటిపేరు అక్కయ్య రోజూ రాస్తుంది. ఎప్పుడూ కలిపి చూడలేదు.

“మరి మీ చెల్లెలి సంగతేంటమ్మా? నువ్వు పెట్టే మెసేజ్‌తో మాకు రక్షణ వస్తుంది. మధ్యలో కూలితే మాత్రం పిల్లల చదువుకి ప్రభుత్వం పూచీ ఉండదు. ఇప్పుడే మూసేస్తే నీ చెల్లి పక్క కాలేజీలో ఏడాది పోకుండా చేరిపోతుంది.”

“కూలుతుందా?”

“తెలియదు. మెసేజ్ పెట్టిన పదకొండుమందీ నిజంగా వచ్చి, ఉన్నవాళ్లు ఉంటే నిలబడొచ్చు. తెలియదు.”

“నాకూ తెలియదు అక్కయ్యా. మీరు అక్కడున్నారు, మీరు చూసుకోండి,” అని ఫోన్ పెట్టేసింది. పది క్షణాల్లో మెసేజ్ వచ్చింది. ‘వచ్చే టర్మ్‌లో చేరతాను.’ కింద పూర్తి పేరు, రోల్ నంబరుతో సహా. రోల్ నంబరు మర్చిపోలేదు.

అక్కయ్య తల తిప్పి చూస్తే ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో. ఫోన్ తెర ఆయన వైపు తిప్పింది.

“పన్నెండు!” అన్నారాయన. కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నారు. “పన్నెండమ్మా!”

“ఆ అమ్మాయి రాదు సార్. నాతో చెప్పింది.”

“నీతో చెప్పింది. కాగితం మీద మాత్రం వస్తానని రాసింది. చట్టం అడిగింది కాగితమే కదా.”

“రెండేళ్లూ మనం పంపింది కూడా కాగితమే సార్.”

ఆయన బల్ల దగ్గరకొచ్చి కుర్చీ లాగి ఎదురుగా కూర్చున్నారు. సంతకం ఆయనది, కానీ గడిలో అంకెలు ఎక్కించే పాస్‌వర్డ్ ఆవిడ ఒక్కదానికే ఉంది. ఆయన అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు. పక్క గదిలో ఎవరో మాస్టారు బోర్డు మీద సుద్దతో టకటకా రాస్తున్నారు, నలభై ఐదుమంది ఒకేసారి పేజీ తిప్పిన చప్పుడు.

తెర మీద తెల్లటి గడి. అందులో నిలువు గీత వెలుగుతోంది, ఆరిపోతోంది. అక్కయ్య నాలుగు మీద వేలు పెట్టింది, ఐదు మీదకి జరిపింది, రెంటికీ మధ్య ఆపింది. వేలికి ఏమీ తెలియడం లేదు, చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా. నాలుగు నొక్కితే వచ్చే నెల తాళం, గేటు ఎదుట షాపుకీ తాళం, బీ సెక్షన్లో ఆ చిన్నమ్మాయి మాత్రం క్షేమం. ఐదు నొక్కితే రెండేళ్లు, ఆ రెండేళ్లలో ఏమైనా కావచ్చు, మంచైనా.

ఐదింటికి ఇంకా ఆరు నిమిషాలుంది. మీరే ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ గడిలో ఏం రాసేవారు?